మందగతి కంప్యూటరునకు శీఘ్రగతి డిస్కు

మనుష్యుడు తాను కనినదియు వినినదియు మఱచిపోకుండుటకై అనాదినుండియు ఏదో యొక యాధారమును వెదకికొనుచునే యున్నాడు. రాతిపై ఉలితో చెక్కెను. తాటియాకుపై గంటముతో గీచెను. కాగితముపై సిరాతో వ్రాసెను. పూర్వము గ్రామకరణము కవిలెకట్టలలో దాచిన లెక్కలవంటివి నేడు అఱచేతిలో నిముడు నొక చిన్న పెట్టెలో నడగియున్నవి. ఆ పెట్టెకే హార్డుడిస్కు అని పేరు. కంప్యూటరులో మనము వ్రాసికొను పాఠములు, దాచుకొను ఛాయాచిత్రములు, యంత్రమును నడపు ఆజ్ఞలు, సర్వమును అందే యుండును.

ఇండ్లలోను పాఠశాలలలోను కొన్నియేండ్లు వాడిన డెస్కుటాపు కంప్యూటరు ఒక్కొక్కప్పుడు మిక్కిలి మందకొడిగా నగుట మనమందఱము చూచుచున్నదే. మీట నొక్కినపిమ్మట తెర సిద్ధమగులోపల కాఫీ కాచుకొని త్రాగి రావచ్చును. అట్టి సమయమున “ఇది ముసలిదైనది, క్రొత్తది కొనవలసినదే” యని తలిదండ్రులు తలచుట సహజము. కొనుటకు ధనము చాలనివారు దానిని మూల బడవేయుదురు. బిడ్డల చదువున కక్కఱకు రావలసిన వస్తువు మూలబడుట యొక నష్టము. అవసరము లేకయే వేలకొలది రూపాయలు వెచ్చించుట మఱియొక నష్టము. తఱచుగా ఈ రెండు నష్టములను తప్పించుకొనవచ్చును. పెట్టెయంతయు నటులే యుంచి అందలి డిస్కు నొక్కదానిని మార్చినచో ప్రాత యంత్రమునకు క్రొత్త ప్రాణము వచ్చును. అది యెట్లు సాధ్యమగునో, ఏ డిస్కు నెన్నుకొనవలెనో, ఎట్లు మార్చవలెనో, ఎచ్చట ఆ మార్పు ఫలింపదో యీ వ్యాసమున వివరింతును.

మందగమనమునకు కారణము

ఒక కచ్చేరీలో లెక్కలు వ్రాయు గుమాస్తాను తలచుకొనుడు. అతడే ప్రాసెసరు. అతని యెదుటనున్న బల్ల రామ్ అను తాత్కాలిక స్మృతి. ప్రక్కగదిలోనున్న బీరువా హార్డుడిస్కు. బల్లమీది కాగితమును తీసికొనుట క్షణములో జరుగును. బీరువాలోని కాగితము కావలెనన్నచో లేచి పోయి వెదకి తేవలెను. విద్యుత్తు ఆగినతోడనే బల్లమీదిదంతయు తుడిచిపెట్టుకొనిపోవును. బీరువాలోనిది మాత్రము నిలిచియుండును. కనుకనే యంత్రమును ఆరంభించిన ప్రతిపర్యాయమును కావలసిన సామగ్రి నంతయు బీరువానుండి బల్లమీదికి మరల మోయవలసివచ్చుచున్నది.

ఈ రెండింటి తారతమ్యము సామాన్యము కాదు. రామ్‌నుండి యొక విషయమును తెచ్చుకొనుటకు సుమారు 100 నానోసెకనులు పట్టును. నానోసెకను అనగా సెకనులో నూఱుకోట్లవ వంతు. తిరుగుడు డిస్కునుండి తెచ్చుకొనుటకు సుమారు 13 మిల్లీసెకనులు, అనగా 1,30,00,000 నానోసెకనులు పట్టును. లెక్క వేసిచూడుడు: ఇది మొదటిదానికి 1,30,000 రెట్లు. గుమాస్తా బల్లమీది కాగితమును ఒక్క సెకనులో అందుకొనుననుకొందుమేని, బీరువానుండి కాగితము వచ్చుటకు 1,30,000 సెకనులు, అనగా ఒకటిన్నర దినము పట్టునన్నమాట! అంతవఱకును అతడు చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే.

చెఱువు నిండియున్నను తూము ఇఱుకైనచో పొలమునకు నీరు సన్నగానే పాఱును. అట్టియెడ చెఱువు గట్టును పెంచినందువలన ప్రయోజనమేమి? తూమును బాగుచేయుటయే రైతు చేయవలసిన పని. ప్రాత కంప్యూటరులలో ఆ యిఱుకు తూము తఱచుగా డిస్కే యగుచుండును.

పళ్లెము తిరుగు విధము

హార్డుడిస్కు లోపల అల్యూమినియముతోగాని గాజుతోగాని చేసిన నున్నని పళ్లెములు ఒకే యిరుసునకు బిగింపబడియుండును. వానిపై మిక్కిలి పలుచని అయస్కాంతపు పూత యుండును. గ్రామఫోను పలకను చూచినవారికి దీని నూహించుట కష్టము కాదు. అయితే రెండు భేదములు కలవు. గ్రామఫోను పలకమీది గాడి వెలుపలి యంచునుండి లోపలికి చుట్టుకొనుచు ఒకటే గీతగా సాగును. డిస్కుపైని వలయములు ఒకదానిలోపల నొకటి వేఱువేఱుగా నుండును. గ్రామఫోను ముల్లు పలకను తాకుచు నడచును; డిస్కుయొక్క హెడ్డు పళ్లెమును తాకక, కొలది నానోమీటర్ల యెత్తున గాలిపై తేలుచుండును. మన తలవెండ్రుక మందము వేలకొలది నానోమీటర్లు. దానితో పోల్చినచో ఆ యెడము ఎంత స్వల్పమో తెలియును.

సామాన్యపు డెస్కుటాపు డిస్కులలో పళ్లెము నిమిషమునకు 7,200 చుట్లు తిరుగును. పళ్లెము వ్యాసము సుమారు 95 మిల్లీమీటర్లు. పై తరగతుల బాలబాలికలు దీనినిబట్టి అంచు వేగమును కనుగొనవచ్చును. చుట్టుకొలత సుమారు 298 మిల్లీమీటర్లు. సెకనునకు 120 చుట్లు. కావున అంచు సెకనునకు దాదాపు 36 మీటర్లు, గంటకు దాదాపు 129 కిలోమీటర్లు పరుగెత్తును. తిరుగుచున్న డిస్కును కుదుపరాదనుటకు కారణ మిదియే. అంత వేగమున హెడ్డు పళ్లెమును తాకెనేని పూత గీచుకొనిపోయి, అచ్చటి వ్రాత మరల దొరకకుండ నశించును.

ఇట్టి డిస్కులో కోరిన విషయము చేతికందుటకు రెండు విధములగు ఆలస్యములు కలవు. మొదటిది, హెడ్డు తానున్న వలయమునుండి కోరిన వలయమునకు కదలుట. దీనికి సగటున 8 లేక 9 మిల్లీసెకనులు పట్టును. రెండవది, ఆ వలయములో కోరిన భాగము తిరిగి తిరిగి హెడ్డు క్రిందికి వచ్చుట. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు పళ్లెమునకు ఒక చుట్టు 8.33 మిల్లీసెకనులు. సగటున అరచుట్టు వేచియుండవలెను గనుక ఈ యాలస్యము 4.17 మిల్లీసెకనులు. రెండును కలిపినచో సుమారు 13 మిల్లీసెకనులు. అనగా చెదరియున్న చిన్న చిన్న విషయములను సెకనునకు ఇంచుమించుగా 77 మాత్రమే తేగలదు.

పెద్ద చలనచిత్రమును వరుసగా చదువునపుడు హెడ్డు అంతగా పరుగులెత్త నక్కఱలేదు. సెకనునకు 150 మొదలు 250 మెగాబైట్ల వఱకును చదువగలదు. కాని యంత్రము మేలుకొనునపుడును, ఒక ప్రోగ్రామును తెఱచునపుడును వేలకొలది చిన్న ఫైళ్లను నలుమూలలనుండి యేఱి తేవలసియుండును. ఆలస్యమంతయు అచ్చటనే. మందకొడి కంప్యూటరునుండి వినవచ్చు టకటక శబ్దము హెడ్డు ఇటునటు పరుగులెత్తు చప్పుడే.

వేగముకొఱకు జరిగిన కృషి

మొట్టమొదటి హార్డుడిస్కును అమెరికాదేశపు ఐ.బి.ఎం. సంస్థవారు 1956లో ప్రకటించిన రామాక్ అను యంత్రముతో లోకమునకు చూపిరి. కాలిఫోర్నియా రాష్ట్రమందలి సాన్ హోసే నగరమున రెనాల్డు జాన్సను నాయకత్వమున దీనిని నిర్మించిరి. అందు 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 యుండెను. అవి నిమిషమునకు 1,200 చుట్లు తిరిగెడివి. అంత పెద్ద యంత్రములో ఇమిడిన వ్రాత 50 లక్షల అక్షరములు మాత్రమే! నేటి చరవాణిలోని యొకటి రెండు ఛాయాచిత్రములకే ఆ స్థలము చాలదు.

పిమ్మట డిస్కులు చిన్నవియు, విశాలమైనవియు నగుచు వచ్చెను. 1980లో సీగేటు సంస్థవారు చిన్న కంప్యూటరులలో నిముడునట్టి 5¼ అంగుళముల డిస్కును వెలువరించిరి. దానిలో 5 మెగాబైట్లు పట్టెడిది. వేగమునందును పోటీ ప్రారంభమయ్యెను. సీగేటువారే 1992లో నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు బారకూడాను, 1996లో 10,000 చుట్లు తిరుగు చీటాను, 2000లో 15,000 చుట్లు తిరుగు మఱియొక చీటాను తెచ్చిరి. కాని ఈ 10,000, 15,000 చుట్ల డిస్కులు పెద్ద సంస్థల సర్వరులకొఱకు చేయబడినవి. ఇంటి కంప్యూటరులకు సామాన్యముగా తగిలింప వీలుపడనివి.

ఇంటి కంప్యూటరునకు అట్టి వేగమును దెచ్చినది వెస్టరన్ డిజిటల్ సంస్థవారి రాప్టరు. 2003లో వెలువడిన యీ డిస్కు నిమిషమునకు 10,000 చుట్లు తిరిగెడిది. అప్పుడే వాడుకలోనికి వచ్చుచుండిన సాటా తీగెతో తగిలింపబడెడిది. పట్టునది 36 గిగాబైట్లు మాత్రమే యైనను వేగమును కోరువారు దానిని మక్కువతో కొనిరి. లెక్క వేసిచూతము. ఒక చుట్టు 6 మిల్లీసెకనులు, అరచుట్టు 3 మిల్లీసెకనులు. హెడ్డు కదలుటకు సుమారు 5 మిల్లీసెకనులు. మొత్తము 8. సామాన్యపు డిస్కునకు 13 పట్టుచోట దీనికి 8 మాత్రమే పట్టెను. 2008లో వచ్చిన వెలాసిరాప్టరులో పళ్లెములను చిన్నవి చేసి, హెడ్డు పోవలసిన దూరమును తగ్గించి, చుట్టును వేడిమిని లాగివైచు లోహపు తొడుగు నమర్చిరి. దానిలో 300 గిగాబైట్లు పట్టెను.

ఆ కాలమున “ఉత్తమశ్రేణి హార్డుడిస్కు” అనగా ఇదియే. అయినను తిరుగు వస్తువు వేగమునకు మితి కలదు. చుట్లు పెరిగినకొలది వేడిమి పెరుగును, కంపనము పెరుగును, చప్పుడును పెరుగును. చుట్లను 7,200 నుండి 15,000 వఱకు రెట్టింపునకు మించి పెంచినను అరచుట్టు ఆలస్యము 4.17 నుండి 2 మిల్లీసెకనులకు మాత్రమే తగ్గును. కుమ్మరి సారెను ఎంత వడిగా త్రిప్పినను అది సారెయే గదా. ఇంతకంటె ముందునకు పోవలెనన్నచో త్రిప్పుటనే మానవలసివచ్చెను.

చలనము లేని డిస్కు

జపానుదేశమున తోషిబా సంస్థలో పనిచేయుచుండిన ఫుజియో మసువోకా 1980-90 దశాబ్దమున ఫ్లాష్ మెమరీ యను నూతనస్మృతిని కనిపెట్టెను. దీనిలో పళ్లెము లేదు, ఇరుసు లేదు, హెడ్డు లేదు. సిలికను పలకపై లెక్కలేనన్ని సూక్ష్మమైన గదులుండును. ఒక్కొక్క గదిలో ఎలక్ట్రానులను బంధించియుంచుటయే వ్రాయుట. వానిని వెడలగొట్టుటయే చెఱపుట. గదిలో నెంత విద్యుదావేశమున్నదో కొలిచి చూచుటయే చదువుట. చుట్టునున్న గోడలు విద్యుత్తును పోనీయని పొరలగుటచే, యంత్రమును ఆపినను ఎలక్ట్రానులు లోపలనే నిలిచియుండును. ఇట్టి స్మృతితో చేసిన డిస్కునే ఎస్.ఎస్.డి. యందురు. 2008లో ఇంటెల్ సంస్థవారు వెలువరించిన ఎక్స్-25-ఎం అనునది సామాన్యుల కంప్యూటరులకు ఈ మార్గమును చూపిన తొలిడ్రైవులలో నొకటి.

కదలునది లేదు గనుక వెదకుటలో ఆలస్యమును దాదాపు లేదు. ఒక చిన్న విషయమును తెచ్చుటకు సుమారు 0.1 మిల్లీసెకను చాలును. యంత్రము మేలుకొనునపుడు చెదరియున్న 5,000 చిన్న విషయములను ఒకదాని తరువాత నొకటి తేవలసియున్నదని యనుకొందము. సామాన్యపు డిస్కునకు 65 సెకనులు, రాప్టరునకు 40 సెకనులు, ఎస్.ఎస్.డి.కి అరసెకను పట్టును. ప్రాసెసరు చేయవలసిన యితరకార్యములును ఉండును గనుక యంత్రము నిజముగా అరసెకనులో మేలుకొనదు. అయినను నిమిషములు సెకనులగుట నిశ్చయము.

దీనికిని లోపములు లేకపోలేదు. ఒక్కొక్క గదిని వ్రాసి చెఱపుటకు ఒక మితి కలదు; ఆ మితి దాటిన గది చెడిపోవును. కాని భయపడవలసినంత లేదు. 500 గిగాబైట్ల డ్రైవులు కొన్నింటికి 300 టెరాబైట్లు వ్రాయువఱకు తయారుచేయువారు హామీ నిత్తురు. దినమునకు 20 గిగాబైట్లు వ్రాసినను అది 15,000 దినములు, అనగా నలువదియేండ్లకు పైబడి వచ్చును. ఇక రెండవ లోపము: విద్యుత్తు తగిలింపక చిరకాలము బీరువాలో పడవేసిన ఎస్.ఎస్.డి.లో బంధింపబడిన ఎలక్ట్రానులు మెల్లమెల్లగా జాఱిపోవచ్చును. కావున ఏండ్లతరబడి దాచుకొనవలసిన వానికి దీని నొక్కదానినే నమ్ముకొనరాదు. గిగాబైటునకు వెల చూచినచో నేటికిని తిరుగుడు డిస్కే చవుక. అందువలన వేగము కావలసినచోట ఎస్.ఎస్.డి., విశాలమైన కొట్టు కావలసినచోట తిరుగుడు డిస్కు ఉంచుకొనుట యుక్తము.

ఎన్నుకొను విధము

కొనుటకు ముందు కంప్యూటరు మదర్‌బోర్డునందు ఏ విధమగు అమరికయున్నదో చూడవలెను. సాటా మార్గమున్నచో 2½ అంగుళముల సాటా ఎస్.ఎస్.డి. తగినది. సాటా మూడవతరమునందు సెకనునకు 6 గిగాబిట్లు పోవును. ఒక్కొక్క బైటునకు తీగెమీద 10 బిట్లు నడచును గనుక ఇది 600 మెగాబైట్లకు సమానము. ఆచరణమున 550 వఱకు వచ్చును. మీ యంత్రము రెండవతరముదై 300 మెగాబైట్లకే పరిమితమైనను నిరుత్సాహపడ నక్కఱలేదు. అసలు లాభము వెదకుటలోని యాలస్యము తగ్గుటయందున్నది. ఆ లాభము అప్పుడును కలుగును.

ఇటీవలి మదర్‌బోర్డులపై ఎం.2 అను సన్నని గాడి యుండును. దానిలో 22 మిల్లీమీటర్ల వెడల్పును, సామాన్యముగా 80 మిల్లీమీటర్ల పొడవునుగల చీటీవంటి డ్రైవు ఇమిడిపోవును. ఇచ్చట మిక్కిలి జాగ్రత్త కావలెను. ఆకారము ఒకటే యైనను కొన్ని సాటా విధానమునను, కొన్ని ఎన్.వి.ఎం.ఇ. విధానమునను పనిచేయును. గాడి దేనిని అంగీకరించునో మదర్‌బోర్డు పుస్తకములో చదువకయే కొనినచో డబ్బు వ్యర్థమగును. ఎన్.వి.ఎం.ఇ. డ్రైవులు మూడవతరపు మార్గమున సెకనునకు 3,500 మెగాబైట్లవఱకును, నాలుగవతరపు మార్గమున 7,000 వఱకును చదువగలవు. మిక్కిలి ప్రాత యంత్రములు కొన్ని ఇట్టి డ్రైవునుండి మేలుకొనజాలవు. ఉత్తరములు వ్రాయుట, పాఠములు చూచుట, లెక్కలు వేయుట మొదలగు నిత్యకృత్యములకు సాటా ఎస్.ఎస్.డి. చాలును, దానికిని దీనికిని గల భేదము ఆ పనులలో కంటికి స్వల్పముగానే తోచును.

పెట్టెమీది సంఖ్యనుగూర్చి యొకమాట. 1 టెరాబైటు డ్రైవును కొని తగిలించినపిమ్మట తెరపై 931 గిగాబైట్లే కనబడినచో అంగడివాడు మోసగించెనని తలపరాదు. తయారుచేయువారు టెరాబైటునకు 1,00,000 కోట్ల బైట్లని లెక్కింతురు. విండోస్ మాత్రము దానిని 1,024 చేత మూడుమాఱులు భాగించును. భాగహారము చేసిచూచినచో 931 వచ్చును. తక్కువైనది యేమియు లేదు. కొలపాత్ర మాత్రమే వేఱు.

విశాలతకొఱకు తిరుగుడు డిస్కును కొనువారు అందును రెండు విధములున్నవని తెలిసికొనవలెను. కొన్నింటిలో వలయములు వేఱువేఱుగా నుండును. మఱికొన్నింటిలో పెంకుటింటి కప్పుపై ఒక పెంకు అంచున మఱియొక పెంకు ఎక్కించినట్లు వలయములను ఒకదానిపై నొకటి కొంచెము ఎక్కించి వ్రాయుదురు. దీనిచే స్థలము కలిసివచ్చును. కాని నడుమనున్న పెంకును మార్చుటకు ప్రక్కవానిని లేపవలసినట్లే, ఒక వలయమును మార్చుటకు ప్రక్క వలయములను మరల వ్రాయవలసివచ్చును. కనుక రెండవరకము దాచుకొనుటకు పనికివచ్చునుగాని, నిత్యము తిరుగవ్రాయుటకు మందగించును.

మార్చు విధము

ఈ పని కష్టమైనది కాదు. కాని తొందర పనికిరాదు. చిన్నవారు పెద్దల యెదుటనే చేయవలెను.

మొట్టమొదట, పోగొట్టుకొన వీలుకాని వానినన్నిటిని వేఱొక డిస్కునకు నకలు తీసికొనవలెను. నకలు తీసినతోడనే సరిపోదు. అందలి రెండు మూడు ఫైళ్లను తెఱచి చూచి సరిగా నున్నవని రూఢి చేసికొనవలెను.

పిమ్మట కంప్యూటరును ఆపి, గోడనుండి ప్లగ్గును ఊడదీయవలెను. తిరుగుచున్న డిస్కు నిలుచుటకు కొన్ని సెకనులు ఆగవలెను. ప్రక్కరేకు విప్పి, ఏ తీగె యెచ్చట నున్నదో చరవాణితో నొక ఛాయాచిత్రము తీసికొనుట మంచిది. లోపలి భాగములను ముట్టుటకు ముందు రంగులేని లోహపు చట్రమును చేతితో తాకవలెను. మన దేహమునందు చేరిన స్థిరవిద్యుత్తు అట్లు విడిపోవును. లేనిచో కంటికి కనబడని చిన్న మెఱుపే సున్నితమగు భాగమును చెఱుపగలదు. విద్యుత్తు నందించు ఇనుపపెట్టెను మాత్రము ఎన్నడును తెఱువరాదు. ప్లగ్గు తీసినను అందు ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచియుండవచ్చును.

సాటా డ్రైవునకు రెండు తీగెలు తగిలింపవలెను. సన్నది విషయములను మోయునది. వెడల్పైనది విద్యుత్తు నిచ్చునది. రెండును ఒక్కవైపుగానే పట్టునట్లు చేయబడినవి గనుక బలవంతముగా త్రోయరాదు. 2½ అంగుళముల డ్రైవు పెద్దగూటిలో వదులుగా నుండును. అంగడిలో దొరకు చట్రముతో బిగింపవలెను.

ఇప్పుడు రెండు మార్గములు కలవు. క్రొత్త డ్రైవుపై ఆపరేటింగ్ సిస్టమును మొదటినుండి స్థాపించుట యొకటి. ప్రాత డిస్కునకు అచ్చముగా ప్రతిరూపము తీయుట రెండవది. మొదటిదానిచే ఏండ్లతరబడి చేరిన చెత్త తొలగును; రెండవదానిచే శ్రమ తగ్గును. ప్రతిరూపము తీయునపుడు ఏది మూలము, ఏది నకలు అని రెండుమాఱులు చూచుకొనవలెను. తాఱుమాఱైనచో ఖాళీ డిస్కు నిండు డిస్కుపై వ్రాయబడి సర్వమును తుడిచిపెట్టుకొనిపోవును. పని ముగిసినతరువాత ప్రాత డిస్కును ఊడదీసి, క్రొత్తదానితో మాత్రమే యంత్రమును ఆరంభించి చూడవలెను. సరిగా నడచినను ప్రాతదానిని కొన్ని వారములవఱకు చెఱపక యుంచుట వివేకము. ఆ తరువాత దానిని రెండవడిస్కుగా తగిలించుకొనవచ్చును. తిరుగుడు డిస్కులో చెదరిన భాగములను ఒకచోట చేర్చు పద్ధతిని ఎస్.ఎస్.డి.పై ప్రయోగింపరాదు, దానివలన లాభము లేకపోగా వ్యర్థముగా వ్రాత పెరుగును.

డిస్కు చేయజాలనిది

క్రొత్త డిస్కు సర్వరోగనివారిణి కాదు. లెక్కలు కట్టుటయే ప్రధానమగు పనులలో ప్రాసెసరు వేగమే వేగము. రామ్ మిక్కిలి తక్కువగా నున్నచో బల్ల చాలక గుమాస్తా మాటిమాటికిని బీరువావద్దకు పరుగెత్తవలసివచ్చును; అట్టియెడ రామ్‌ను గూడ పెంచవలెను. అంతర్జాలము మందముగా నున్నచో దానికి డిస్కు మందు కాదు. మఱియు విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారు ఇచ్చుచుండిన సామాన్య సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11 అంగీకరింపని ప్రాత ప్రాసెసరులు పెక్కులు కలవు. అట్టి యంత్రములవారు డిస్కు కొనుటకు ముందే, లినక్సువంటి ఉచితమగు ఆపరేటింగ్ సిస్టమునకు మాఱుటకు సమ్మతమేనా యని యాలోచించుకొనవలెను.

కాపాడుకొనవలసినది

ఇంతవఱకు వేగమునుగూర్చి ముచ్చటించితిమి. వేగముకంటె విలువైనది లోపలనున్న వ్రాత. డిస్కు పోయినచో అంగడిలో మఱియొకటి దొరకును. తాతగారి చివరి ఛాయాచిత్రము ఏ యంగడిలోను దొరకదు. తిరుగుడు డిస్కు చెడిపోవుటకు ముందు పెక్కుసార్లు వింతశబ్దములు చేయుచు హెచ్చరించును. ఎస్.ఎస్.డి. నిన్నటివఱకు చక్కగా పనిచేసి నేడు ఒక్కమాఱుగా మూగపోవచ్చును. కనుక వేగవంతమగు డిస్కునకు మాఱినవారికి నకళ్ల యవసరము మఱింత యెక్కువ. ముఖ్యమగు ప్రతివిషయమునకు మూడు ప్రతులు, అవి రెండు విధములగు సాధనములపై, అందొకటి యింటికి దూరముగా నుండవలెనను నియమము నెల్లవారును పాటింపదగినది. వరద వచ్చినను, దొంగ వచ్చినను, పిడుగు పడినను మూడును ఒక్కమాఱుగా పోవుట యరుదు.

ప్రాత డిస్కును ఇతరుల కిచ్చునప్పుడు గాని పాఱవేయునప్పుడు గాని ఫైళ్లను తీసివేసితిమని తృప్తిపడరాదు. తీసివేయుట యనగా పుస్తకమునుండి విషయసూచికను చించుటవంటిది. పుటలు లోపలనే యుండును. తిరుగుడు డిస్కునైనచో అంతటను ఒకమాఱు తిరుగవ్రాయించి, ఎస్.ఎస్.డి.నైనచో తయారుచేసినవారి చెఱపు సాధనమును వాడి, పిమ్మటనే చేయి మార్చవలెను. పనికిరానిదానిని చెత్తకుప్పలో వేయక, విద్యుత్పరికరముల వ్యర్థములను సేకరించువారికి అప్పగింపవలెను.

విద్యార్థులారా! యంత్రము మందగించినతోడనే క్రొత్తదానికై తలిదండ్రులను వేధింపకుడు. ఏ యంగము మందగించెనో, ఏలనో ముందుగా విచారింపుడు. కొలిచి, లెక్కవేసి, కారణమును కనుగొని, ఆ యొక్కచోటనే మందు వేయుట శాస్త్రము నేర్పు పద్ధతి. తలిదండ్రులారా! మీ మూలగదిలో దుమ్ముకొట్టుకొనియున్న కంప్యూటరు నిజముగా ముసలిదైనదా, లేక దాని తూము మాత్రమే యిఱుకైనదా యని యొకమాఱు చూడుడు. చిన్నదగు వ్యయముతో మీ బిడ్డలకు మఱికొన్ని యేండ్లు అక్కఱకు వచ్చు సాధనము అందే దాగియుండవచ్చును.